పన్నెండణాల స్టాంపు గురించి నేను చెప్పిన అబద్ధం

మా స్టాంపుల సంఘంలో ఇప్పటికీ ఒక కథ నడుస్తోంది. ప్రెస్సులో పనిచేసిన ఒక పెద్దమనిషి పాత స్టాంపు మీద దొంగ అచ్చు కొట్టి, తోటి సభ్యులకు అంటగట్టబోయి దొరికిపోయాడని, ఆ తర్వాత మొహం చెల్లక రావడం మానేశాడని. కొత్తగా చేరినవాళ్లకు ఈ కథ మొదటి టీతో పాటే అందుతుంది. మొన్న ఒకాయన నన్ను కూడా కొత్తవాణ్ని అనుకుని నాకే చెప్పాడు. చివరిదాకా విని, అది అబద్ధమండీ, ఆ అబద్ధం చెప్పింది నేనే అన్నాను. ఆయన నవ్వాడు. నేను వేళాకోళమాడుతున్నానని అనుకున్నాడు.

జరిగింది జరిగినట్టు సంఘం మినిట్స్ పుస్తకంలో రాయించాను. ఆ పుస్తకం కార్యదర్శి గారి బీరువాలో ఉంటుంది. ఎవరూ చదవరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ స్టాంపులేమిటో చెప్పాలి. నూట పాతికేళ్ల కింద ఇంగ్లీషువాళ్లు మన దేశం నుంచి పటాలాన్ని చైనాకు పంపారు. సిపాయిలు ఇంటికి ఉత్తరాలు రాసుకోవాలి గనక వాళ్ల వెంట తపాలా ఆఫీసులూ వెళ్లాయి. పరాయి దేశంలో మన తపాలా ఆఫీసు, రాణి బొమ్మ ఉన్న మన స్టాంపులు. అక్కడ డబ్బు మారకం రేటు వేరు. ఎవరైనా ఆ స్టాంపులు అక్కడ చవగ్గా కొని ఇక్కడికి తెచ్చి అమ్ముకుంటారన్న భయంతో, వాటి మీద నల్లసిరాతో మూడు ఇంగ్లీషు అక్షరాలు అచ్చు కొట్టి పంపారు. సి, ఇ, ఎఫ్. చైనాకు వెళ్లిన పటాలం అని అర్థం. ఆ మూడక్షరాలు ఉంటే అపురూపం, లేకపోతే ఏ పాత ఆల్బంలోనైనా దొరికే సరుకు. కాబట్టి మామూలు స్టాంపు మీద ఆ మూడక్షరాలు కొట్టి అమ్మేవాళ్లు ఆ రోజుల నుంచే ఉన్నారు. మాలాంటివాళ్ల ఆదివారాలన్నీ ఆ అక్షరాలు అసలువా కావా అని తేల్చుకోవడంలోనే అయిపోతాయి. ఇందులో ఏం సుఖముందని నా భార్య ఇరవై ఏళ్లుగా అడుగుతోంది.

నేను ఎయిర్‌పోర్టు కార్గోలో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర పనిచేస్తాను. పొద్దంతా పార్శిళ్ల కాగితాలు చూడటం, ఒక ముద్ర తక్కువైందని వెనక్కి పంపితే పోయి వేయించుకుని రావడం. ఇంటికొచ్చి మళ్లీ ముద్రలే చూస్తాను. నెలకోసారి, రెండో ఆదివారం, శంషాబాద్ పాత ఊళ్లో ఒక టిఫిన్ సెంటర్ పైగదిలో సంఘం కలుస్తుంది. పన్నెండు మందిమి వస్తే నిండు సభ. సగం మాటలు విమానాలు మింగేస్తాయి. ఎవరైనా పనికొచ్చే సంగతి చెప్పబోతున్నప్పుడే నెత్తి మీద నుంచి ఒకటి పోతుంది, అందరం నోరు మూసుకుని పైకప్పు చూస్తూ కూర్చుంటాం.

కథలోని ఆ పెద్దమనిషి షాద్‌నగర్‌లో ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు కంపోజిటర్. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం, ట్రెడిల్ మిషన్ మీద పెళ్లిపత్రికలు, రసీదు పుస్తకాలు అచ్చేయడం. ఆఫ్‌సెట్ యంత్రాలు వచ్చి ఆ ప్రెస్సు మూతపడ్డాక కొత్వాల్‌గూడలో బిడ్డ ఇంటికి చేరాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఆదివారం చర్చి అయ్యాక అదే ఇస్త్రీ చొక్కాతో మీటింగుకు వచ్చేవాడు, ఎప్పుడూ ఆలస్యంగా. ఆయన దగ్గర ఆ చైనా పటాలం స్టాంపులు పద్నాలుగు ఉండేవి. కొన్నవి కావు. మిషన్ తుడవడానికి, అచ్చు సరిచూసుకోవడానికి ప్రెస్సువాళ్లు పాత కాగితాలు కట్టలుగా తెప్పించుకుంటారు. అలాంటి ఒక కట్టలో ఎవరిదో పాత ఆల్బం, అట్ట చిరిగి, స్టాంపులతో సహా వచ్చింది. యజమానికి చూపిస్తే, పిల్లల బొమ్మలు, తీసుకుపొమ్మన్నాడట.

మేమంతా అక్షరం ఆకారం చూసి అచ్చు అసలుదా కాదా అని వాదించుకునేవాళ్లం. ఆయన స్టాంపును వెనక్కి తిప్పి, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, సీసం కాగితాన్ని ఎంత నొక్కిందో చూసేవాడు. “అక్షరం కరవాలె తమ్మీ. కరిసిన కాడ సిరా అంచుకు పోయి నిలవడ్తది” అనేవాడు. ఎవరికి అనుమానం వచ్చినా స్టాంపు ఆయన చేతికే వెళ్లేది. నాకది నచ్చేది కాదు. నేను ఇంగ్లీషు కేటలాగులు చదివినవాణ్ని, ఎక్కడ ఎగ్జిబిషన్ ఉన్నా సెలవు పెట్టి తిరిగినవాణ్ని. నన్నెవరూ అడిగేవారు కాదు. ఈ సంగతి కూడా రాయాలి, రాయకపోతే తర్వాత నేనన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు.

సంఘానికి ఒక మార్పిడి పుస్తకం ఉంది. తన దగ్గర రెండేసి ఉన్న స్టాంపులను ఒక్కో సభ్యుడు అందులోని చిన్న ప్లాస్టిక్ జేబుల్లో పెడతాడు. పుస్తకం వరసగా ఒకరింటి నుంచి ఇంకొకరింటికి తిరుగుతుంది. నచ్చింది తీసుకున్నవాడు ఖాళీ అయిన గడిలో సంతకం చేసి, నాలుగు రోజుల్లో పుస్తకాన్ని తర్వాతి మనిషికి అందించాలి. బదులు ఏమివ్వాలో మీటింగులో మాట్లాడుకుంటారు. తీసుకోదలచుకోని స్టాంపును జేబులోంచి బయటకు తీయకూడదు. మాకున్న గట్టి నియమం ఇదొక్కటే. అందరం తీస్తాం.

ఆ ఎండాకాలం ఆయన తన పద్నాలుగింటిలో రెండేసి ఉన్న పన్నెండణాల స్టాంపు ఒకటి పుస్తకంలో పెట్టాడు. ఎర్ర కాగితం మీద ఊదా రంగు రాణి, పైన మూడక్షరాలు. ఆయన తర్వాత వరస నాది. నా దగ్గరా అచ్చం అలాంటిదే ఒకటి ఉంది, ఒక ఎగ్జిబిషన్‌లో డీలరు దగ్గర తీసుకున్నది. తీసుకున్న రోజు నుంచీ దాని మీద నాకు అనుమానమే. ఆయనకు చూపించి అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. అడగలేదు. ఇప్పుడు ఆయన స్టాంపే ఇంటికి వచ్చింది గనక రెండూ పక్కపక్కన పెట్టి నేనే తేల్చుకుందామనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి డైనింగ్ టేబుల్ మీద నల్ల అట్ట పరిచి, రెండు స్టాంపులూ దాని మీద పెట్టి, ఫ్యాన్ ఆపేశాను. స్టాంపులు బయట ఉన్నంతసేపు ఫ్యాన్ వేయకూడదు. మా ఇళ్లలో సగం తగాదాలు దీని గురించే. నా భార్య వంటింట్లోంచి మూడుసార్లు అడిగింది, అయిందా అని. మూడుసార్లూ అయిపోతోంది అన్నాను. నాలుగోసారి అడగలేదు. “మేము ఉడికి సస్తున్నం, మీ రాణిగారికి గాలి తగులొద్దట” అంటూ వచ్చి స్విచ్చి వేసింది. పైగా అయిదు మీద.

రెండు స్టాంపులూ లేచాయి. ఒకటి గడప దగ్గర పడింది, ఇంకొకటి టీవీ స్టాండు కింద. ఏది ఎటు పోయిందో నేను చూడలేదు, ఎందుకంటే అప్పటికే ఆమె మీద అరుస్తున్నాను. ఆ అరుపులో నాకు ఎంత హక్కు ఉందనిపించిందో ఇప్పుడు తలచుకుంటే చిరాకేస్తుంది. స్టాంపులు ఏరుకుని, చెమట చేతులతోనే ఒక్కసారి లెన్సు పెట్టి చూశాను. ఒకదాని మీద అక్షరాలు నల్లగా, అంచులు తెగినట్టు స్పష్టంగా ఉన్నాయి. రెండోదాని మీద కొంచెం మాసి ఉన్నాయి. స్పష్టంగా ఉన్నదే అసలుదని, కాబట్టి అదే ఆయనదని అర నిమిషంలో తేల్చేశాను. దాన్ని మార్పిడి పుస్తకంలో ఆయన జేబులో పెట్టాను, రెండోదాన్ని నా ఆల్బంలోకి తోశాను. తిప్పి వెనకవైపు చూడలేదు. చూసి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఆయన తన స్టాంపులను బజారులో దొరికే బంక కాగితాలతో అంటించేవాడు కాదు, పెళ్లిపత్రికల బటర్ పేపరు కత్తిరించి అంటించేవాడు. ఆ చిన్న ముక్క వెనక మిగిలి ఉంటుందని సంఘంలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నా తర్వాతి సభ్యుడు అత్తాపూర్ నుంచి వచ్చే మందుల షాపాయన. ఆ పన్నెండణాల స్టాంపు తీసుకున్నాడు, గడిలో సంతకం పెట్టాడు, జాగ్రత్త మనిషి గనక పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకు పంపాడు. రెండు నెలలకు జవాబొచ్చింది. స్టాంపు అసలుది, దాని మీద కొట్టిన అచ్చు నకిలీ.

ఆ మీటింగు నాకు మాట మాటా గుర్తుంది. కార్యదర్శి గారు భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైర్డు బ్యాంకు ఆఫీసరు. ఎవరినీ ఏమీ అనడం లేదండీ, ఎవరెవరి చేతుల మీదుగా వెళ్లిందో తెలుసుకుంటున్నాం, అంతే అన్నారు. చేతులు ఎన్నని? పెట్టింది ఆయన, మధ్యలో నేను, తీసుకున్నది మందుల షాపాయన. స్టాంపు పెద్దాయన చేతికిచ్చారు. తిప్పాడు, కిటికీ వైపు పట్టుకున్నాడు. పరీక్షలో వెనక అంటుకున్నవన్నీ తీసేస్తారు గనక బటర్ పేపరు లేకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. “ఇది కరవలే” అన్నాడు. తన మీదే తీర్పు చెప్పుకుంటున్నానన్న ధ్యాస లేదు, అడిగారు కాబట్టి చెప్పాడు. వెనక నుంచి ఎవరో, ప్రెస్సాయనకు మూడక్షరాలు కొట్టుడెంత పని అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అప్పుడు కార్యదర్శి గారు నా వైపు తిరిగి, మీ దగ్గరికి వచ్చినప్పుడు ఎలా ఉందండీ అని అడిగారు.

ఫ్యాన్ గాలికి స్టాంపులు లేచిన సంగతి నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. దానితో పాటు, ఇన్నేళ్లకు మొదటిసారి అందరూ నన్ను అడుగుతున్నారన్నదీ గుర్తొచ్చింది. “నాకు చూడంగనే అనుమానమొచ్చింది సార్. పెద్దాయన గదా అని ఊకున్న” అన్నాను.

ఆయన నా వైపు చూసి, “అట్లనా” అన్నాడు. స్టాంపును తెచ్చి కార్యదర్శి గారి ముందు పెట్టాడు, చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి నెల రాలేదు, ఆ పై నెలా రాలేదు.

ఆ సాయంత్రమే ఇంటికొచ్చి నా ఆల్బంలోంచి పన్నెండణాల స్టాంపు తీసి తిప్పాను. వెనక బటర్ పేపరు ముక్క ఉంది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడానికి నేను వరసగా తయారుచేసుకున్న కారణాలన్నీ ఇక్కడ రాసి విసిగించను. వచ్చే మీటింగులో చెబుదామనుకున్నాను, ఆయన రాలేదు. ఆయన లేకుండా చెప్పడం ఏం మర్యాద అనుకున్నాను. ఆ తర్వాత, పౌరుషమున్న మనిషైతే నిలబడి ఇది నాది కాదు అనొచ్చు కదా, ఎందుకు ఊరుకున్నాడు అని ఆయన మీదే కోపం తెచ్చుకున్నాను. అలా నాలుగేళ్లు. ఈలోగా రెండుసార్లు ఆయన శంషాబాద్ బస్‌స్టాప్‌లో కనబడ్డాడు. రెండుసార్లూ బండి ఇంకో గల్లీలోకి తిప్పాను.

పోయిన సంవత్సరం తుక్కుగూడలో ఒక బడిలో పిల్లలకు స్టాంపుల ప్రదర్శన పెట్టాలని సంఘం అనుకుంది. పరాయి దేశాల్లో మన తపాలా ఆఫీసులు అని ఒక బల్ల. ఒక్కటి తేడా వచ్చినా, ఆ చైనా స్టాంపులు అన్నేసి ఇంకెవరి దగ్గరా లేవు గనక ఆయనవి లేకుండా కుదరదు. అడిగి తీసుకురావడానికి కార్యదర్శి గారు నన్నే పురమాయించారు. అప్పుడు పెద్దాయన అని మర్యాదగా ఊరుకున్నది మీరే కదండీ అన్నారు.

కొత్వాల్‌గూడలో ఇల్లు కనుక్కుని వెళ్లాను. ఆయన బిడ్డ తలుపు తీసింది, నలభై ఏళ్ల మనిషి. ఆయన వసారాలో కుర్చీలో ఉన్నాడు. “ఏంది తమ్మీ, తొవ్వ తప్పినవా” అన్నాడు, మామూలుగానే. వచ్చిన పని చెప్పాను. అవి పిల్లల ముందు పెట్టొద్దన్నాడు, నకిలీవి అన్నాడు. ఏది నకిలీ అన్నాను. అన్నీ అన్నాడు. లోపలికెళ్లి ఒక పాత రసీదు పుస్తకం తెచ్చాడు. దాని ఆకుల మధ్య స్టాంపులున్నాయి. ఒకదాన్ని తిప్పాడు. వెనక నీలం బాల్‌పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో, ‘నకిలీ’ అని రాసి ఉంది. రెండోది తిప్పాడు. మూడోది నేనే తిప్పాను. పదమూడింటికి పదమూడు.

దొంగ స్టాంపు చేతికొస్తే దాని వెనక అలా రాయడం మాలో మర్యాద. దాన్ని ఇంకెవరూ అసలుదని అమ్ముకోకుండా ఉంటుంది. కానీ అసలు స్టాంపు వెనక బాల్‌పెన్ను పడితే దాని పని అయిపోయినట్టే. ఆ సిరా పోదు. కడిగితే స్టాంపు రంగే పోతుంది.

ఎందుకు రాసినవన్నా అని అడిగాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

“ఒక్క కట్టల దొరికినయే గద అన్ని. దాంట్ల ఒకటి దొంగదైనంక తక్కినయి మంచియని ఏ మొఖం పెట్టుకోని చెప్పాలె? నువ్వు గూడ చూడంగనే పట్టినవు. నాకు కానరాలే. ముప్పై ఏండ్లు అచ్చు కొట్టిన, నాకే కానరాలే” అన్నాడు. “రేపు నేను పోయినంక ఎవని చేతుల పడ్తయో. వాడు మోసపోవద్దు.”

నాకు పిచ్చికోపం వచ్చింది. ఒక్కసారి, నాలుగేళ్లలో ఒక్కసారి వచ్చి నన్ను నిలదీసి ఉంటే ఏమయ్యేది? ఎవరో ఒక మాట అంటే, తన వేళ్లనూ తన కళ్లనూ పక్కన పెట్టి ఆ మాటే పట్టుకుంటాడా మనిషి? ఇదంతా పైకే అన్నాను, సిగ్గు లేకుండా. ఆయన నేనెందుకు అరుస్తున్నానో తెలియక చూస్తూ ఉన్నాడు. అప్పుడిక చెప్పేశాను. టేబుల్, నల్ల అట్ట, ఫ్యాన్, టీవీ స్టాండు, వెనక ఉన్న బటర్ పేపరు. అనుమానమొచ్చింది అని నేనన్నది అబద్ధమని చెప్పాను. అసలు అనుమానం నా స్టాంపు మీదే ఉండేదని, ఆయన స్టాంపు మీద ఎప్పుడూ లేదని.

ఆయన రసీదు పుస్తకం ఆకులు ఒక్కొక్కటే మూశాడు.

“బటర్ పేపర్ ఉన్నదా ఎనక?”

ఉంది అన్నాను.

“అయితే నా కన్ను మంచిగనే ఉండె” అన్నాడు. అంతలోనే, “ఇగ ఇప్పుడు చెప్తున్నవు” అన్నాడు.

ఆయన బిడ్డ చాయ్ గ్లాసుతో తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. నాయిన నాలుగేండ్ల సంది ఆ లెన్సు ముట్టలే, పేపర్ చదువుడు గూడ బంద్ చేసిండు అని చెప్పింది. గ్లాసు నా ముందు పెట్టి, “తాగు అన్నా. ఇది మంచిదే, ఎనక ఏం రాసిలేదు” అంది. తాగాను. ఏం చేయాలి మరి.

లేచేటప్పుడు క్షమించమని అడిగాను. “నాకు చెప్పుడు గాదు తమ్మీ. ఆడ చెప్పు. నేను కూసోని ఉంటే చెప్పు” అన్నాడు.

రెండో ఆదివారం ఆయన చర్చి నుంచి వచ్చాడు, ఆలస్యంగానే. వెనక కుర్చీలో కూర్చున్నాడు. నేను లేచి అంతా చెప్పాను. మధ్యలో రెండు విమానాలు పోయాయి, రెండుసార్లూ ఆగి, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇలాంటివి ఒక్క ఊపిరిలో చెప్పేయాలి, ఈ ఊళ్లో అది కూడా కుదరదు. ఆయన స్టాంపు తెచ్చి బల్ల మీద పెట్టాను. అది చేతులు మారుతూ గదంతా తిరిగింది, ప్రతివాడూ తిప్పి బటర్ పేపరు చూశాడు. నాలుగేళ్ల కింద వెనక నుంచి ప్రెస్సాయన అంటూ మాట విసిరిన మనిషి కూడా చూశాడు.

కార్యదర్శి గారు మినిట్స్ పుస్తకం తెరిచి, పొరపాటున తారుమారు జరిగిందని రాస్తానండీ అన్నారు. అబద్ధం చెప్పానని కూడా రాయమన్నాను. సంఘం పుస్తకంలో అబద్ధమనే మాట బాగుండదేమోనండీ, అపోహ అందామా అన్నారు. అపోహ ఎట్లయితది సార్ అని నేను, పోనీ సమాచార లోపం అని ఆయన, ఇలా కాసేపు నడిచింది.

వెనక కుర్చీలోంచి పెద్దాయన అన్నాడు, “ఉన్న అక్షరమే పెట్టుర్రి సార్. తప్పు అక్షరం పెడితే మల్ల అంత విప్పి పేర్చాలె.”

కార్యదర్శి గారు అబద్ధం అనే రాశారు. నేను కింద సంతకం చేశాను.

మందుల షాపాయన లేచాడు. ఆయనకు నా మీద చికాకు ఉందని తెలుస్తూనే ఉంది, ఉండాల్సిందే. చొక్కా జేబులోంచి చిన్న కవరు తీసి, నన్ను దాటుకుని వెనక కుర్చీ దగ్గరికి వెళ్లి ఆయన చేతికిచ్చాడు. గల్ఫ్‌లో తపాలా ఆఫీసుల కోసం బహ్రెయిన్ అని అచ్చు కొట్టిన మన పాత స్టాంపు. జర చూడన్నా, మూడు నెలల సంది ఏం తేలుతలేదు అన్నాడు.

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన స్టాంపు పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. తిప్పాడు, ఏటవాలుగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు. నేను కూర్చున్న చోటి నుంచి దాని వెనకవైపు కనిపిస్తోంది. అక్షరాలు లోతుగా దిగి ఉన్నట్టే నాకనిపించింది. చెప్పబోయి నోరు మూసుకున్నాను.

“తెలుస్తలేదు” అన్నాడు చివరికి, ఎవరితోనో కాదు, స్టాంపుతో అన్నట్టు. “తెల్వకుంట తెలిసినట్టు చెప్పొద్దు గద.”

ఫర్వాలేదన్నా, మల్ల ఎప్పుడన్న చూద్దువు అంటూ మందుల షాపాయన చేయి చాపాడు. పెద్దాయన స్టాంపు ఇవ్వలేదు. ఇంకో చేత్తో కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కున్నాడు, కూర్చున్నాడు, లెన్సు అడిగి తీసుకున్నాడు. కార్యదర్శి గారు గొంతు సవరించుకుని, తుక్కుగూడ ప్రదర్శనకు బల్లలు ఎన్ని కావాలో మాట్లాడటం మొదలుపెట్టారు.